పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది?



మన సంఘాల్లో ఎవరినైనా ఈ మూడు ప్రశ్నలు అడిగి చూడండి. మీ వెబ్‌సైటు పేరు, అంటే డొమైను, ఎవరి పేరు మీద రిజిస్టరయి ఉంది? ఏటా దాని రుసుము ఎవరి కార్డు మీద కడుతున్నారు? సర్వరు పాస్‌వర్డు ఎంతమంది దగ్గర ఉంది? చాలా చోట్ల మూడింటికీ వచ్చే జవాబు ఒక్కటే. "అవన్నీ మా కుర్రాడొకడు చూసుకుంటాడండీ. కంప్యూటర్లలో దిట్ట."

బాబాల దగ్గరికి వెళ్ళే జనాన్ని ఇదే మనుషులు ఏమని అడుగుతారో మనందరికీ తెలుసు. ఎందుకు నమ్ముతున్నారు? పరీక్షించి చూశారా? ఆయన చెప్పింది నిజమని మీకెలా తెలుసు? మంచి ప్రశ్నలే. మరి మన ఆఫీసు గది దాకా వచ్చేసరికి ఆ ప్రశ్నలు ఎందుకు ఆగిపోతున్నాయి? ఆ కుర్రాడు మంచివాడే కావచ్చు. నేను చూసినంతలో చాలామంది మంచివాళ్ళే, జీతం లేకుండా రాత్రిళ్ళు మేలుకుని పనిచేసినవాళ్ళే. కానీ ఒక మనిషి మంచితనాన్ని మాత్రమే ఆధారం చేసుకున్న ఏర్పాటును ఏ ఆడిటరూ ఒప్పుకోడు. ఒప్పుకోకూడదు కూడా.

నేను చెప్పదలచుకున్నది సూటిగా ముందే చెప్పేస్తాను. ప్రజల మధ్య పనిచేసే కార్యకర్తలు తమ సర్వర్లను తామే నిర్వహించుకోవడం నేర్చుకోవాలి. అది నేర్పే పని మనలాంటి సంఘాలు తలకెత్తుకోవాలి. నేర్పేవాడు కొత్త గురువుగా మారకుండా చూసుకోవాలి. ఈ మూడింటిలో చివరిదే కష్టమైనది.

నేను కంప్యూటరు ఇంజనీరును కాను. బీకాం చదివి డిఫెన్స్ అకౌంట్స్ శాఖలో చేరి, బిల్లులు, వోచర్లు, స్టోర్సు లెడ్జర్లు తనిఖీ చేస్తూ పదవీ విరమణ చేసినవాణ్ణి. ఉద్యోగం పోయాక చేతిలో సమయం ఉంది కాబట్టి లినక్సు నేర్చుకున్నాను. నేర్చుకున్నది నలుగురికీ చెబుదామని ఆదివారాలు ఒక లైబ్రరీ గదిలో కూర్చుంటున్నాను. వచ్చేవాళ్ళలో చేతబడి ఆరోపణల మీద పనిచేసే వాళ్ళున్నారు, సమాచార హక్కు దరఖాస్తులు పెట్టేవాళ్ళున్నారు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ సంఘం నడిపేవాళ్ళున్నారు. ఎవరికీ కంప్యూటరు డిగ్రీ లేదు.

సర్వరంటే ఏమిటి?

పేరు వినగానే ఏసీ గది, మెరిసే దీపాలు గుర్తొస్తాయి. అంత హంగామా ఏమీ లేదు. సర్వరంటే రాత్రింబవళ్ళు ఆగకుండా నడుస్తూ, అడిగినవాళ్ళకి అడిగిన కాగితం తీసి ఇచ్చే కంప్యూటరు. రికార్డు రూములో కూర్చున్న గుమస్తా లాంటిది. ఎవరికి ఏ కాగితం చూపించవచ్చో, ఎవరికి చూపకూడదో దానికి మనం ముందే చెప్పి ఉంచాలి. ఎవరొచ్చారో, ఏమడిగారో అది రాసి పెడుతుంది. ఒక చిన్న సంఘానికి సరిపోయే సర్వరు నెలకు కొన్ని వందల రూపాయల అద్దెకు దొరుకుతుంది. దాని మీద నడిచే సాఫ్ట్‌వేరుకు పైసా కట్టక్కర్లేదు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నెల్ విడుదల చేశాడు. 1993లో డెబియన్ మొదలైంది. ఇవాళ ప్రపంచంలో వెబ్ సర్వర్లు ఎక్కువ భాగం ఈ కుటుంబానికి చెందిన సాఫ్ట్‌వేరు మీదే నడుస్తున్నాయి. మా ఆదివారం క్లాసులో కూడా డెబియనే.

ఇందులో హేతువాదికి నచ్చవలసింది ఉచితం అన్న మాట కాదు. లోపల ఏముందో తెరిచి చూసుకునే హక్కు ఉండటం.

ఇదంతా మనకెందుకు?

"మేం సమాజం కోసం పనిచేసేవాళ్ళం, మాకు ఈ గొడవలెందుకు?" అని అడుగుతారు. మూడు కారణాలు చెబుతాను.

మొదటిది జ్ఞాపకం. జియోసిటీస్ 2009లో మూతబడింది. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూసేశారు. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో పూర్తిగా పోయింది. వాటిలో జరిగిన వాదోపవాదాలు, వాటిలో రాసుకున్న వ్యాసాలు దాచుకున్నవాళ్ళకి దక్కాయి, దాచుకోనివాళ్ళకి పోయాయి. నాకు తెలిసిన ఒక సంస్థ పదేళ్ళ పాటు తమ ఊళ్ళలో విప్పిచెప్పిన మహిమల వివరాలు, ఫొటోలు, పోలీసు ఫిర్యాదుల నకళ్ళు సైటులో పెట్టుకుంది. సైటు చూసే యువకుడు ఉద్యోగానికి విదేశం వెళ్ళాడు. అతని పాత కార్డు గడువు తీరింది. డొమైను రుసుము కట్టమని వచ్చిన హెచ్చరికలన్నీ అతను చూడటం మానేసిన ఈమెయిలుకు వెళ్ళాయి. ఆ పేరును వేరేవాళ్ళు కొనేశారు. ఇప్పుడు ఆ చిరునామాలో జూదం ప్రకటనలు కనిపిస్తాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. చార్జి అప్పగింత జరగలేదు, అంతే.

రెండోది మనుషుల భద్రత. మనకు వచ్చే ఫిర్యాదుల్లో ఏముంటాయి? చేతబడి చేస్తోందని ఊరంతా వేలెత్తి చూపిన ఆడమనిషి పేరు, ఊరు, ఫోను నంబరు. స్వామి ఆశ్రమంలో ఏం జరిగిందో చెప్పిన పిల్ల వాంగ్మూలం. ఇవన్నీ ఎవరైనా లింకు ఊహించి తెరవగలిగే ఫోల్డరులో పడి ఉంటే, మనం ఎవరికి సాయం చేస్తున్నట్టు? 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలూ వచ్చాయి. చట్టం సంగతి అలా ఉంచినా, మనల్ని నమ్మి చెప్పిన మనిషి పట్ల మన బాధ్యత చట్టం కంటే పాతది.

మూడోది రాసేవాళ్ళ ప్రాణం. ఇది అతిశయోక్తి కాదు. పూణేలో నరేంద్ర దభోల్కర్ గారిని 2013 ఆగస్టు 20న కాల్చి చంపారు. బంగ్లాదేశ్‌లో 'ముక్తో మోనా' వేదికను 2001లో మొదలుపెట్టిన అవిజిత్ రాయ్‌ను 2015 ఫిబ్రవరి 26న ఢాకా పుస్తక ప్రదర్శన దగ్గర నరికి చంపారు. ఆయన భార్య బన్యా అహ్మద్ తీవ్రంగా గాయపడ్డారు. అదే ఏడాది వాషికుర్ రెహమాన్, అనంత బిజయ్ దాస్, నీలాద్రి చటర్జీలను ఒకరి తర్వాత ఒకరిని చంపారు. అవిజిత్ రాయ్ సొంత పేరుతో బహిరంగంగా రాసినవాడు, ఆయన్ని వెతకడానికి ఏ సర్వరు రికార్డూ అక్కర్లేదు. కానీ ఇలాంటి వేదికల్లో మారుపేర్లతో రాసేవాళ్ళు ఎందరో ఉంటారు. వాళ్ళు ఏ చిరునామా నుంచి వచ్చారన్నది సర్వరు లాగులో నమోదవుతుంది. ఆ లాగు ఎన్ని రోజులు ఉంచాలి, ఎవరు చూడవచ్చు, ఎప్పుడు చెరిపేయాలి అన్నవి సాంకేతిక ప్రశ్నలుగా కనిపిస్తాయి. నిజానికి అవి సంఘం కూర్చుని తీర్మానించుకోవలసిన విషయాలు. ఆ లాగు ఉందనే తెలియని కార్యవర్గం దాని గురించి ఏం తీర్మానిస్తుంది?

వాళ్ళు నేర్చుకోగలరా?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. అడిగినవాళ్ళలో ఎక్కువమంది చదువుకున్నవాళ్ళే.

మన అనుభవమే చూద్దాం. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైంది. 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీయే ఏర్పడింది. కూలీల కుటుంబాల నుంచి వచ్చిన యువతీ యువకులకు శిక్షణ ఇచ్చి, మస్టర్ రోల్స్, కొలతల పుస్తకాలు చేతికిచ్చి, ఇంటింటికీ తిరిగి సరిచూడమన్నారు. అంతకు ముందు రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి జన సునవాయిల్లో ఇదే చేసింది. చనిపోయినవాళ్ళ పేరున కూలి తీసినట్టు, తవ్వని కాలువకు కొలతలు రాసినట్టు బయటపెట్టింది ఎవరు? అకౌంటెన్సీ చదవనివాళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు తనిఖీ చేసినవాడిగా చెబుతున్నాను, మస్టర్ రోల్ తప్పు పట్టుకోగలిగిన మనిషికి సర్వరు లాగు చదవడం కష్టమైన పని కాదు.

నేపాల్‌లో మహావీర్ పున్ సంగతి మీలో కొందరు వినే ఉంటారు. మ్యాగ్దీ జిల్లాలో నాంగీ అనే కొండ ఊరు ఆయనది. అక్కడికి ఫోను తీగ లేదు. 2002 ప్రాంతంలో మామూలు వైఫై పరికరాలతో, కొండల మీద చెట్లకు కట్టిన యాంటెన్నాలతో ఊళ్ళను ఒకదానికొకటి కలపడం మొదలుపెట్టారు. 2007లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. నన్ను ఆకట్టుకున్నది అవార్డు కాదు. కొండ మీద యాంటెన్నా గాలికి పక్కకి తిరిగితే ఖాట్మండు నుంచి ఇంజనీరు వచ్చే దాకా ఎదురుచూసే పని లేకుండా ఊరివాళ్ళకే శిక్షణ ఇవ్వడం.

మా క్లాసులో మొదటిసారి లాగు తెరిచిన రోజు నారాయణపేట వైపు నుంచి వచ్చిన ఒకామె చాలాసేపు తెరను చూసింది. ప్రతి వరుసలోనూ ఎవరు, ఏ టైముకు, ఏ పేజీ అడిగారు, దొరికిందా లేదా అని ఉంది. "గిది మా రేషన్ దుకాణం రిజిస్టర్ లెక్కనే ఉంది గద సార్" అంది. అంతే. దానికంటే మంచి నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"స్వామి మనుషులే సార్!"

ఇంటర్నెట్‌లో ఏ సర్వరు పెట్టినా కొద్ది గంటల్లోనే దాని తలుపు తట్టడం మొదలవుతుంది. ఏవేవో పేర్లతో, ఏవేవో పాస్‌వర్డులతో లోపలికి రావడానికి ప్రయత్నాలు జరుగుతూనే ఉంటాయి. ఒక బృందం తమ సర్వరులో ఒక్క రాత్రిలో అలాంటివి కొన్ని వేలు చూసి హడలిపోయింది. వాళ్ళలో ఒక అబ్బాయి, మూఢనమ్మకాల మీద ఊరూరా ప్రదర్శనలిచ్చేవాడు, "పోయిన వారం ఆ స్వామి గురించి రాసినం కద సార్. వాళ్ళ మనుషులే" అన్నాడు.

"అయ్యుండచ్చు బాబూ. ఎట్లా తేలుద్దాం?" అన్నాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత రేషన్ రిజిస్టరు ఆవిడే ఉపాయం చెప్పింది. ఏ పేరూ లేని, ఏ రాతా లేని ఖాళీ సర్వరు ఇంకొకటి పెట్టి చూద్దామంది. పెట్టాం. దాని గురించి ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పొద్దున చూస్తే దాని మీదా అవే ప్రయత్నాలు, దాదాపు అదే లెక్కలో. వస్తున్నది మనుషులు కాదు, కనిపించిన ప్రతి తలుపునూ తోసి చూసే యంత్రాలు. స్వామి మీద అనుమానానికి ఆధారం లేదని తేలింది. స్వామి మనుషులు ఎప్పటికీ రారని మాత్రం తేలలేదు. ఈ రెండింటికీ తేడా ఏమిటో ఆ రోజు అక్కడ ఎవరికీ వివరించాల్సిన అవసరం రాలేదు.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఎ(హెచ్)లో ఉందని మనం ప్రతి సభలోనూ చెబుతాం. ఆ దృక్పథం ఉపన్యాసం వింటే వస్తుందని నేననుకోను. ఇలాంటి ఒక రాత్రి, ఇలాంటి ఒక ఖాళీ సర్వరు కావాలి. మనకు ఇష్టమైన అనుమానాన్ని మనమే పరీక్షకు పెట్టి, అది నిలబడకపోతే వదిలేయడం అలవాటు కావాలి. సర్వరు నిర్వహణలో ఈ అవసరం వారానికోసారి వస్తుంది. ఏదో ఆగిపోతుంది. ఒకరు కరెంటు అంటారు, ఒకరు వైరస్ అంటారు, ఒకరు రీస్టార్ట్ చేస్తే పోతుందంటారు. రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి నిజంగానే పోతుంది. తాయెత్తు కట్టాక జ్వరం తగ్గినట్టే. ఎందుకు పోయిందో లాగులో వెతకందే మా క్లాసులో ఆ పని ముగిసినట్టు లెక్క కాదు.

దసరాకి కంప్యూటర్లకు కుంకుమ బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టేవాళ్ళని చూసి మనం నవ్వుతాం. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక వరుసను అర్థం తెలియకుండా తెచ్చి, సర్వాధికారాలున్న రూట్ ఖాతాలో అతికించి ఎంటర్ నొక్కడం కూడా మంత్రం చదవడమే. ఈ మధ్య కృత్రిమ మేధ చాట్‌బాట్లు అలాంటి వరుసలు అడిగిందే తడవుగా ఇస్తున్నాయి. వాడుకోవద్దని నేననను. అందులో ప్రతి మాటకీ అర్థం చెప్పగలిగాకే నడపమంటాను.

లెక్కల పుస్తకం నుంచి నాలుగు అలవాట్లు

నేను నేర్పేదాంట్లో సగం నా పాత ఉద్యోగంలోదే. ట్రెజరీల్లో స్ట్రాంగు రూముకి డబుల్ లాక్ ఉంటుంది. రెండు తాళాలు, ఇద్దరి దగ్గర రెండు చెవులు. ఒక్కడే తెరవలేడు. మా పద్ధతిలో సర్వరు అధికారం కనీసం ఇద్దరికి విడివిడిగా, ఎవరి ఖాతా వాళ్ళకి ఉంటుంది. ఒకే పాస్‌వర్డును పదిమంది పంచుకుంటే ఎవరు ఏం చేశారో రేపు తేలదు. ఇక పూర్తి పాస్‌వర్డులు సీలు వేసిన కవరులో కార్యదర్శి దగ్గర ఉంటాయి. అది ఎప్పుడు తెరిచారో రిజిస్టరులో రాయాలి.

రెండోది అనుమతులు. ఎవరికి ఏ పని ఉందో అంతవరకే. ఫొటోలు ఎక్కించే మనిషికి బాధితుల జాబితా కనిపించాల్సిన పని లేదు. నమ్మకం లేక కాదు. కనిపించనిది పొరపాటున కూడా బయటికి పోదు.

మూడోది నిత్యం చేసే పనులు. సాఫ్ట్‌వేరు మరమ్మతులు వచ్చినవి వచ్చినట్టు ఎక్కించడం, డిస్కు నిండిందేమో చూడటం, సర్టిఫికేటు గడువు చూడటం. ఇందులో కథేమీ లేదు. రోజూ క్యాష్ బుక్ క్లోజ్ చేసినట్టే, చెయ్యాలి.

నాలుగోది బ్యాకప్. దీని దగ్గర కాస్త ఆగుతాను. బ్యాకప్ ఉందా అని ఏ సంఘాన్నడిగినా ఉందంటారు. స్టోర్సు లెడ్జరులో వంద దుప్పట్లు ఉన్నాయని రాసి ఉంటే ఆడిటరు వంద అని రాసుకుని వెళ్ళిపోడు. గోడౌను తెరిపించి లెక్కపెట్టిస్తాడు. గిట్‌ల్యాబ్ అనే సంస్థలో 2017 జనవరి 31న ఒక ఇంజనీరు ఒక సర్వరు అనుకుని ఇంకొక సర్వరులో డేటాబేసు చెరిపేశాడు. పనిచేయాల్సిన ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఒక్కటీ ఆ సమయానికి సరిగ్గా అక్కరకు రాలేదు. పరీక్షల కోసం ఎవరో ఆరు గంటల ముందు విడిగా తీసి ఉంచిన నకలు వాళ్ళని కాపాడింది. మధ్యలోని ఆరు గంటల సమాచారం పోయింది. ఆ సంస్థ జరిగినదంతా దాచకుండా ప్రపంచానికి రాసి చెప్పింది, అందుకే మనకు తెలుసు. అంత నిపుణులున్న చోటే అలా జరిగితే మన సంగతి? మా క్లాసులో మూడు నెలలకోసారి ఖాళీ సర్వరు మీద బ్యాకప్ నుంచి సైటును మళ్ళీ నిలబెట్టాలి. నిలబడితేనే బ్యాకప్ ఉన్నట్టు రాసుకుంటాం.

ఓపెన్ సోర్సు దేవుడేమీ కాదు

ఈ రంగంలోనూ భక్తులున్నారు. సోర్సు అందరికీ కనిపిస్తుంది కాబట్టి తప్పులు దాగవు అంటారు. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో అప్పటికి రెండేళ్ళుగా ఉంది. ప్రపంచమంతా వాడింది, చదవాల్సినంత మంది చదవలేదు. పుస్తకాలు తెరిచి ఉండటం వేరు, ఆడిట్ జరగడం వేరు.

2024 మార్చిలో జరిగింది ఇంకా పాఠం చెబుతుంది. ఎక్స్‌జెడ్ అనే చిన్న పరికరం దాదాపు అన్ని లినక్సు యంత్రాల్లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ళుగా ఒకే మనిషి, అలసిపోయి, జీతం లేకుండా చూస్తున్నాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి రెండేళ్ళకు పైగా ఓపిగ్గా సాయం చేసి, నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకు తన యంత్రంలోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పట్టడం వింతగా అనిపించింది. వదిలెయ్యకుండా తవ్వాడు. దొంగదారి దొరికింది. చాలా సర్వర్లకు చేరకముందే ఆపగలిగారు. ఇద్దరు మనుషుల్ని పోల్చి చూడండి. ఒకరు సేవ చేసి నమ్మకం సంపాదించారు. ఇంకొకరు అర సెకను తేడాకి కారణం అడిగారు. మన సంఘాలకు రెండో రకం మనుషులు కావాలి. సోర్సు తెరిచి ఉండబట్టే ఆయన తవ్వగలిగాడన్నది కూడా నిజం. తెరిచి ఉండటం అవకాశం ఇస్తుంది, ఆ పని మాత్రం మనుషులే చేయాలి.

గురువు ఎప్పుడు దిగిపోవాలి?

ఇక అసలు విషయం. నేర్పడం మొదలుపెట్టిన కొన్ని నెలలకే నేర్పేవాడి ఫోను మోగడం మొదలవుతుంది. "సార్, సైటు ఓపెన్ అయితలేదు. మీరే ఒక్కసారి చూడండి." చూసి రెండు నిమిషాల్లో సరిచేస్తే వాళ్ళ కళ్ళల్లో కృతజ్ఞత కనిపిస్తుంది. వయసు మీద పడినవాడికి, ఉద్యోగం లేనివాడికి అది ఎంత తియ్యగా ఉంటుందో దాచిపెట్టడం ఎందుకు? మహిమలు చూపేవాళ్ళలో అందరూ డబ్బు కోసమే చేస్తారని నేననుకోను. ఆ చూపు కోసం చేసేవాళ్ళూ ఉంటారు. నాలుగేళ్ళు ఇలా గడిస్తే మనం తయారుచేసింది కార్యకర్తలను కాదు, భక్తులను. మొదట చెప్పిన కుర్రాడి స్థానంలో ఒక ముసలాడు కూర్చుంటాడు. తేడా అంతే.

అందుకని కొన్ని నియమాలు పెట్టుకున్నాం. క్లాసులో నేను కీబోర్డు ముట్టుకోను. నోటితో చెబుతాను, లేదా "లాగు ఏమంటోందమ్మా?" అని అడుగుతాను. వాళ్ళ సర్వరు పాస్‌వర్డు నా దగ్గర ఉండదు. ఏ సంఘం నుంచైనా ఇద్దరు రావాలి, ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా ఆడవాళ్ళు. ఈ చివరి నియమం మీద గొణుగుడు వచ్చింది. ఆడవాళ్ళ ఫిర్యాదులు దాచే పెట్టె చెవులు మగవాళ్ళ దగ్గరే ఎందుకుండాలని అడిగాను. తర్వాత ఎవరూ గొణగలేదు.

నోట్సు వాళ్ళే రాయాలి, తెలుగులో, వాళ్ళకి అర్థమైన మాటల్లో. పాలమూరు మాటలో రాసినా సరే, గోదావరి మాటలో రాసినా సరే. ఆ నోట్సు చదివి ఇంకొక కొత్త మనిషి బ్యాకప్ నుంచి సైటు నిలబెట్టగలిగితే నోట్సు పాసయినట్టు. లేకపోతే మళ్ళీ రాయాలి. చివరగా చార్జి అప్పగింత కాగితం. డొమైను సంఘం పేరున ఉంది, రుసుము సంఘం ఖాతా నుంచి పోతోంది, చెవులు ఫలానా ఇద్దరి దగ్గర ఉన్నాయి, ఫలానా తేదీన బ్యాకప్ పరీక్షించాం అని రాసి, ఇచ్చినవాళ్ళు, పుచ్చుకున్నవాళ్ళు సంతకాలు పెట్టాలి. సర్కారు ఆఫీసుల్లో ఈ కాగితాన్ని వేళాకోళం చేస్తారు. కానీ మనుషులు పోతారు, బదిలీ అవుతారు, అలుగుతారు. పని ఆగకుండా ఉండటానికి అంతకంటే చవకైన ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

మొన్నామధ్య ఒక బృందం రెండు నెలలు ఫోను చేయలేదు. నేనే కనుక్కున్నాను. వాళ్ళ సర్వరు ఆగిపోయిందట, డిస్కు నిండిందట, చూసుకుని సరిచేసుకున్నారట. "మీకు చెప్పాలని యాదికే రాలేదు సార్" అన్నాడా అబ్బాయి. ఈ ఆరేళ్ళలో నాకొచ్చిన మంచి కబురు అదే.

అభ్యంతరాలు

"పెద్ద కంపెనీల సేవలు ఉచితంగా ఉన్నాయి, మనకంటే వాళ్ళే బాగా కాపాడతారు" అంటారు. కొన్ని విషయాల్లో నిజమే. ఈమెయిలు సర్వరు సొంతంగా నడపమని నేను ఏ చిన్న సంఘానికీ చెప్పను. అది కష్టం, పంపిన ఉత్తరాలు అవతలివాళ్ళ స్పాములో పడతాయి. సరిగా చూసుకోని సొంత సర్వరు కంపెనీ సేవ కంటే ప్రమాదకరం, ఇదీ నిజమే. ఇద్దరు మనుషులు, వారానికి రెండు గంటలు కేటాయించలేని సంఘం సొంత సర్వరు పెట్టుకోకపోవడమే మేలు. కానీ పెట్టుకోకూడదని నిర్ణయించుకోవడానికైనా విషయం తెలియాలి కదా! కంపెనీ సేవే వాడినా ఖాతా ఎవరి పేరున ఉంది, నకలు ఎక్కడుంది, రేపు అది మూతబడితే ఏం చేస్తాం అన్న ప్రశ్నలు అలాగే ఉంటాయి.

"మూఢనమ్మకాల మీద పోరాడాల్సిన సమయం ఇలా వృథా అవుతుంది" అని ఒక పెద్దాయన నాతో అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది, అభిప్రాయం మీద లేదు. అబ్రహాం కోవూర్ 1963లో లక్ష రూపాయల సవాలు విసిరినప్పుడు ఆయన జనానికి చెప్పింది ఏమిటి? నా మాట నమ్మండని కాదు. మోసానికి వీల్లేని పరిస్థితుల్లో చేసి చూపించమని. మన సొంత పుస్తకాలు, మన సొంత రికార్డులు ఆ షరతుకు నిలబడవంటే, ఇతరులను అడిగే హక్కు మనకు కాస్త తగ్గినట్టే.

కాబట్టి ఒక మనవి. మీ సంఘం వచ్చే కార్యవర్గ సమావేశం ఎజెండాలో ఒక అంశం చేర్చండి. డొమైను ఎవరి పేరున ఉంది, పాస్‌వర్డులు ఎవరెవరి దగ్గర ఉన్నాయి, బ్యాకప్‌ను చివరిసారి ఏ తేదీన తెరిచి చూశారు. జవాబులు మినిట్సు పుస్తకంలో రాయండి. తేదీ దగ్గర ఖాళీ మిగిలితే ఖాళీగానే వదిలేయండి. వచ్చే సమావేశంలో ఆ ఖాళీ చూసి ఎవరో ఒకరు అడుగుతారు. అడిగిన ఆ మనిషిని ఆదివారం క్లాసుకు పంపండి. రెండో మనిషిని కూడా.